అతడు లేడు.. పుట్టినరోజు మాత్రం ఆగలేదు

సెప్టెంబరు 5 అనగానే మనకు టక్కున గుర్తొచ్చేది టీచర్స్‌ డే. స్వపరిపాలన దినోత్సవం పేరుతో అమ్మ చీర చుట్టుకుని, నాన్న కళ్లజోడు పెట్టుకుని ఒక్కపూట టీచరైపోయిన రోజు మీకూ ఉండే ఉంటుంది. సరిగ్గా అదే రోజుల్లో వేరే దేశాల్లో కొందరు ఇంకో వేషం కడతారు. గుబురు మీసం అంటించుకుని, పసుపు జాకెట్‌ తొడుక్కుని బడికీ ఆఫీసుకీ వెళతారు. తెలిసినవాళ్ల దగ్గర చందాలు పోగేస్తారు. ఆ మీసం ఫ్రెడ్డీ మెర్క్యురీది. ఆ చందా హెచ్‌ఐవీ మీద పోరాటానికి.

ఫ్రెడ్డీ ఎవరంటారా? ‘క్వీన్‌’ అనే బ్రిటిష్‌ రాక్‌ బ్యాండ్‌కి ప్రధాన గాయకుడు. పేరు కొత్తగా అనిపించినా దరువు మీకు పాతదే. క్రికెట్‌ మ్యాచ్‌ మధ్యలో జనమంతా రెండుసార్లు కాలు నేలకేసి కొట్టి, ఒకసారి చప్పట్లు చరుస్తారు చూడండి.. ‘వియ్‌ విల్‌ రాక్‌ యు’ పాట అది. 1991 నవంబరు 24న, 45 ఏళ్లకే, ఎయిడ్స్‌ వల్ల వచ్చిన న్యుమోనియాతో ఫ్రెడ్డీ కన్నుమూశాడు. అయినా ఏటా అతడి పుట్టినరోజు జరుగుతూనే ఉంది. ముందుండి జరిపిస్తున్నదెవరో తెలుసా? ఇరవైల్లో ఉన్నప్పుడు అతడితో కలిసి బ్యాండ్‌ కట్టిన స్నేహితులు. వాళ్లిప్పుడు డెబ్బైల్లో ఉన్నారు.

పుట్టినరోజులు చేయడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. హీరోదైతే కటౌట్లు, పాలాభిషేకాలు, పాత సినిమాల రీరిలీజులు. హాస్టల్లో అయితే అర్ధరాత్రి పన్నెండింటికి బర్త్‌డే బంప్స్‌, మొహానికి కేకు. ఆఫీసులో అయితే హెచ్‌ఆర్‌ పంపే మెయిలు, క్యాంటీన్లో కూల్‌ కేకు. ఈ హడావుడిలో ఒక ప్రశ్న పక్కకి జరిగిపోతుంటుంది. మనం పండగ చేస్తున్నది ఆ మనిషికా, ఆ మనిషిలో మనకు నచ్చిన ముక్కకా? ఫ్రెడ్డీ గొంతుని ప్రేమించినవాళ్లు కోట్లమంది. అతడు గే అన్న సంగతి మాత్రం వాళ్లలో చాలామందికి ఇబ్బందే. ఆ రెండిటినీ విడదీయకుండా ప్రేమించినవాళ్లు కొద్దిమందే ఉన్నారు. ఇది వాళ్ల గురించి.

పంచగని హాస్టల్‌ పిల్లాడు

అసలు పేరు ఫరూఖ్‌ బుల్సారా. 1946 సెప్టెంబరు 5న ఆఫ్రికా తూర్పు తీరంలోని జాంజిబార్‌ దీవిలో పుట్టాడు. అమ్మానాన్నలు గుజరాత్‌ మూలాలున్న పార్శీలు. నాన్న అక్కడి బ్రిటిష్‌ కొలువులో క్యాషియర్‌. ఎనిమిదేళ్ల వయసులో పిల్లాణ్ని ఓడెక్కించి మన దేశానికి, మహారాష్ట్ర కొండల్లోని పంచగని బోర్డింగ్‌ స్కూలుకి పంపారు. గురుకులాలకీ కార్పొరేట్‌ కాలేజీలకీ ట్రంకుపెట్టె మోసుకెళ్లినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఎనిమిదేళ్లకి సముద్రం దాటొచ్చిన పిల్లాడి రాత్రులు ఎలా ఉంటాయో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. పై దవడలో నాలుగు పళ్లు ఎక్కువుండటంతో ముందరి పళ్లు బయటికి పొడుచుకొచ్చేవి. తోటిపిల్లలు ‘బకీ’ అని ఏడిపించేవారు. పెద్దయ్యాక డబ్బొచ్చినా ఆ పళ్లు తీయించుకోలేదు. గొంతు మారిపోతుందేమోనని భయం.

టీచర్స్‌ డే పూట ఇంకో ముక్క చెప్పి తీరాలి. ఈ పిల్లాడిలో సంగీతం ఉందని కనిపెట్టింది ఆ స్కూలు ప్రధానోపాధ్యాయుడు. కాస్త అదనపు ఫీజు కడితే పియానో నేర్పిస్తామని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడాయన. వాళ్లు సరేనన్నారు. నాలుగో గ్రేడు దాకా పాసయ్యాడు. నలుగురు స్నేహితుల్ని పోగేసి ‘ద హెక్టిక్స్‌’ అని తొలి బ్యాండ్‌ కట్టింది కూడా అక్కడే. ‘ఫ్రెడ్డీ’ అనే పేరూ పంచగనిలో అంటుకున్నదే.

1964లో జాంజిబార్‌లో తిరుగుబాటు వచ్చింది. బుల్సారా కుటుంబం ఉన్నదంతా వదిలేసి లండన్‌ శివార్లలోని ఫెల్తమ్‌ చేరింది. అక్కడ ఫ్రెడ్డీ హీత్రో విమానాశ్రయంలో సామాన్లు మోశాడు. ఈలింగ్‌ ఆర్ట్‌ కాలేజీలో గ్రాఫిక్‌ డిజైన్‌ చదివి 1969లో బయటపడ్డాడు. ఆ చదువు ఎందుకు పనికొచ్చిందో కాసేపట్లో చెబుతాను.

కాలేజీలో ఓ క్లాస్‌మేట్‌కి ‘స్మైల్‌’ అనే బ్యాండ్‌ ఉండేది. గిటారు బ్రయాన్‌ మే, డ్రమ్స్‌ రోజర్‌ టేలర్‌. ఫ్రెడ్డీ వాళ్ల వెంట తిరిగే అభిమాని. పాడే ఛాన్స్‌ లేదు కానీ సలహాలకు మాత్రం లోటు లేదు! రోజర్‌తో కలిసి కెన్సింగ్టన్‌ మార్కెట్లో చిన్న కొట్టు పెట్టి పాత బట్టలమ్మాడు. 1970లో స్మైల్‌ గాయకుడు వెళ్లిపోయాడు. ఆ ఖాళీలోకి ఫ్రెడ్డీ వచ్చాడు. బ్యాండ్‌కి ‘క్వీన్‌’ అని కొత్త పేరు పెట్టాడు, తన ఇంటిపేరు ‘మెర్క్యురీ’ చేసుకున్నాడు. మర్నాటి ఏడాది బేస్‌ గిటారిస్టు జాన్‌ డీకన్‌ చేరాడు.

కెరియర్‌ గురించి బుర్ర వేడెక్కిపోతున్న మీకు ఈ నలుగురి సర్టిఫికెట్లు చూస్తే నవ్వొస్తుంది. బ్రయాన్‌ ఖగోళ భౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ మధ్యలో వదిలేశాడు. రోజర్‌ డెంటల్‌ కాలేజీలో చేరి బయాలజీకి మారాడు. డీకన్‌ ఎలక్ట్రానిక్స్‌లో ఫస్ట్‌ క్లాస్‌. చెత్తడబ్బాలో దొరికిన సర్క్యూట్‌తో అతడు చేసిన బుల్లి యాంప్లిఫయర్‌ క్వీన్‌ రికార్డుల్లో ఏళ్ల తరబడి పనిచేసింది. బ్రయాన్‌ గిటారైతే నాన్నతో కలిసి పాత నిప్పుగూడు చెక్కతో చెక్కుకున్నది. వదిలేసిన ఆ పీహెచ్‌డీని 2007లో పూర్తి చేశాడు, అరవై ఏళ్ల వయసులో. మీ ఇంట్లో ‘గ్యాప్‌ ఇయర్‌’ మాటెత్తితే ఉలిక్కిపడేవాళ్లకి చూపించండి.

పుట్టిన తేదీలతో లోగో

ఇప్పుడు ఆ డిజైన్‌ చదువు సంగతి. క్వీన్‌ లోగో గీసింది ఫ్రెడ్డీనే. చూడటానికి రాజముద్రలా ఉంటుంది. దగ్గరగా చూస్తే అది నలుగురి పుట్టినరోజుల పట్టిక! జులై 19 బ్రయాన్‌ది, పాశ్చాత్య రాశుల లెక్కలో కర్కాటకం.. అందుకో ఎండ్రకాయ. జులై 26 రోజర్‌ది, ఆగస్టు 19 డీకన్‌ది, ఇద్దరిదీ సింహరాశి.. అందుకు రెండు సింహాలు. సెప్టెంబరు 5 తనది, కన్య.. అందుకు ఇద్దరు దేవకన్యలు. వీళ్లందరి మీదా రెక్కలు విప్పిన ఫీనిక్స్‌ పక్షి. ప్రధాన గాయకుడు తన ముఖం వేసుకోవచ్చు, తన పేరు పెద్దక్షరాల్లో పెట్టుకోవచ్చు. నాకు ఈ లోగోలో నచ్చేది అదే. నలుగురికీ తలా ఒక జంతువో, బొమ్మో పంచాడు.

అలాగని కొట్లాటలు లేవనుకోకండి. బాగా కొట్లాడుకున్నారు, ముఖ్యంగా డబ్బు దగ్గర. ‘బొహీమియన్‌ రాప్సొడీ’ సింగిల్‌ రికార్డుకి రెండోవైపు రోజర్‌ రాసిన కారు పాట వేశారు. మొదటివైపు పాట ప్రపంచాన్ని ఊపేసింది, రెండోవైపు పాటకీ దాంతో సమానంగా రాయల్టీ వచ్చిపడింది. ఇది మిగతావాళ్లకి చాలాకాలం కడుపుమంట. చివరికి 1989లో ‘ద మిరకిల్‌’ ఆల్బమ్‌ నాటికి ఓ నిర్ణయానికొచ్చారు. ఇకపై పాట ఎవరు రాసినా రచయితగా ‘క్వీన్‌’ అనే ఉంటుంది, నలుగురికీ సమానం. స్నేహితులతో కలిసి స్టార్టప్‌ పెట్టబోతున్నవాళ్లు ఈ పేరాని ఇంకోసారి చదువుకోవచ్చు. వాళ్లకి ఆ తెలివి రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఇంకో సంగతి. 1984లో ‘ఐ వాంట్‌ టు బ్రేక్‌ ఫ్రీ’ వీడియోలో నలుగురూ ఆడవేషం కట్టారు. ఓ బ్రిటిష్‌ టీవీ సీరియల్‌కి సరదా పేరడీ అది. పాట రాసింది డీకన్‌. బ్రిటన్‌లో జనం పడీపడీ నవ్వారు. అమెరికాలో ఎంటీవీ దాన్ని పక్కన పెట్టేసింది, అక్కడ బ్యాండ్‌కి గిరాకీ పడిపోయింది. నింద మాత్రం నలుగురిలో ఒక్కడి మీదే పడింది. వాక్యూమ్‌ క్లీనర్‌ పట్టుకుని, మీసం తీయకుండా స్కర్టు వేసుకున్న ఫ్రెడ్డీ మీద. మన దగ్గర సత్యభామ వేషం కట్టి స్థానం నరసింహారావు 1956లో పద్మశ్రీ అందుకున్నారని ఆ ఎంటీవీ వాళ్లకి ఎవరైనా చెప్పి ఉండాల్సింది!

నిజం ముందు విన్నది ఆమె

1970ల మొదట్లో ఫ్రెడ్డీ మేరీ ఆస్టిన్‌ అనే అమ్మాయిని ప్రేమించాడు. ఆమె ‘బిబా’ అనే బట్టల దుకాణంలో పనిచేసేది. ఒకే ఇంట్లో ఆరేళ్లు ఉన్నారు. 1976లో ఓ రోజు తన మనసు మగవాళ్ల వైపు ఉందని ఆమెకి చెప్పాడు. మామూలుగా మనం ఊహించే కథ ఇక్కడ అరుపులతో ముగుస్తుంది. వాళ్లది ముగియలేదు. ప్రేమికులుగా విడిపోయారు, స్నేహితులుగా మాత్రం ఒకరినొకరు విడవలేదు. మేరీ అతడి దగ్గరే పనిచేసింది, దగ్గర్లోనే ఉంది. వేరే పెళ్లి చేసుకుంది, ఆమె పెద్దకొడుకుకి ఫ్రెడ్డీ గాడ్‌ఫాదర్‌. చివరి ఆరేళ్లకు పైగా ఫ్రెడ్డీతో కలిసి బతికినవాడు జిమ్‌ హటన్‌, హోటల్లో క్షౌరం చేసే ఉద్యోగి. ప్రాణం పోయేదాకా సేవ చేసింది అతడు. ఇల్లు, ఆస్తిలో ఎక్కువ భాగం మేరీకి రాశాడు ఫ్రెడ్డీ. తన చితాభస్మం ఎక్కడ ఉంచాలన్న బాధ్యతా ఆమెకే అప్పగించాడు. ఆ చోటు ఎక్కడో ఆమె ఇప్పటికీ బయటపెట్టలేదు.

‘గే ఐకాన్‌’ అనే మాట మీరు వినే ఉంటారు. స్వలింగ ప్రేమికులు తమ మనిషిగా భావించే కళాకారుల్ని అలా అంటారు. అందులో గే కానివాళ్లూ ఉన్నారు, జూడీ గార్లండ్‌, మడోనాల్లా. ఫ్రెడ్డీ విషయం కాస్త చిక్కు. వేదిక మీద దేన్నీ దాచుకోలేదు, మైకు ముందు మాత్రం సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. జబ్బు గురించి ప్రకటన ఇచ్చింది చనిపోవడానికి ఒక్కరోజు ముందు. ఇంకాస్త ముందు చెప్పి ఉంటే ఎందరికో ధైర్యం వచ్చేది కదా అన్నవాళ్లున్నారు. నాకైతే ఆ మాట అన్యాయం అనిపిస్తుంది. గేటు బయట పత్రికల ఫొటోగ్రాఫర్లు నెలల తరబడి కాపలా కాస్తుంటే లోపల చచ్చిపోతున్న మనిషి అతడు. ఎవరికి ఏది ఎప్పుడు చెప్పాలన్నది అతడిష్టం.

మూడు పుట్టినరోజులు

1985 సెప్టెంబరులో 39వ పుట్టినరోజు మ్యూనిక్‌లో జరిగింది. తెలుపు, నలుపు రంగులు మాత్రమే వేసుకురావాలి, మగవాళ్లు ఆడవేషంలో రావాలి.. ఇదీ షరతు. లైవ్‌ ఎయిడ్‌ కచేరీలో ఇరవై నిమిషాల్లో వెంబ్లీ స్టేడియం మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకుని అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఆ పార్టీని కెమెరాలతో తీయించి ‘లివింగ్‌ ఆన్‌ మై ఓన్‌’ పాట వీడియోగా వాడుకున్నాడు. తన లోకం ఎలా ఉంటుందో అతడు అందరికీ చూపించిన పుట్టినరోజు అది.

1987లో 41వది, స్పెయిన్‌లోని ఇబిజా దీవిలో. బాణసంచా, నాట్యాలు, వందల అతిథులు. అదే ఏడాది కొద్ది నెలల ముందే హెచ్‌ఐవీ ఉందని తేలింది. అతిథుల్లో ఆ సంగతి తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. 2018లో వచ్చిన ‘బొహీమియన్‌ రాప్సొడీ’ సినిమా చూసినవాళ్లకి ఇక్కడ అనుమానం రావచ్చు. సినిమాలో లైవ్‌ ఎయిడ్‌కి ముందే జబ్బు సంగతి బ్యాండ్‌కి చెప్పేస్తాడు. అది కథ కోసం జరిపిన తేదీ. నిజానికి మిగతా ముగ్గురికీ చెప్పింది ఆ తర్వాత కొన్నేళ్లకి.

చెప్పాక వాళ్లేం చేశారన్నది చూడండి. పత్రికలు అడిగితే అదేం లేదన్నారు. అబద్ధమాడారు, అవును. స్టూడియో బుక్‌ చేశారు. నిలబడే ఓపిక ఉన్నరోజు వచ్చి పాడేవాడు, లేనిరోజు లేదు. స్విట్జర్లండ్‌లోని మాంట్రో స్టూడియోలో చివరిసారి పాడిన ‘మదర్‌ లవ్‌’లో ఆఖరి చరణం మిగిలిపోయింది. కాస్త విశ్రాంతి తీసుకుని వస్తానని వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆ చరణం బ్రయాన్‌ పాడాడు. 1995లో వచ్చిన రికార్డులో వింటే ఒకే పాటలో గొంతు మారడం మీకు స్పష్టంగా తెలుస్తుంది. ఆ అతుకుని వాళ్లు దాచలేదు.

1991లో వచ్చిన 45వ పుట్టినరోజు లండన్‌లోని తన ఇంట్లోనే గడిచింది. కొద్దిమంది మనుషులు, హడావుడి ఏమీ లేదు. మరో పదకొండు వారాలకి అతడు లేడు.

ఆ ఏడాది క్రిస్మస్‌ రోజున గాయకుడు ఎల్టన్‌ జాన్‌ ఇంటికి ఓ పొట్లం వచ్చింది. దిండు గలీబులో చుట్టిన ఓ చిత్రం, ఎల్టన్‌కి ఇష్టమైన హెన్రీ స్కాట్‌ ట్యూక్‌ గీసినది. వీళ్లిద్దరూ సరదాకి ఒకరినొకరు ఆడపేర్లతో పిలుచుకునేవారు. చీటీ మీద ఆ పేర్లే ఉన్నాయి. మంచం మీద ఉండి, తను పోయాక అందాల్సిన కానుకలు ఏర్పాటు చేసుకున్నాడన్నమాట ఫ్రెడ్డీ. ఈ సంగతి ఎల్టన్‌ తన పుస్తకంలో రాసుకున్నాడు. మరుసటి ఏడాదే ఎయిడ్స్‌ బాధితుల కోసం ఫౌండేషన్‌ పెట్టాడు.

తర్వాతి పుట్టినరోజులు

బ్రయాన్‌, రోజర్‌, మేనేజర్‌ జిమ్‌ బీచ్‌ కలిసి 1992లో ‘మెర్క్యురీ ఫీనిక్స్‌ ట్రస్ట్‌’ స్థాపించారు. లోగో మీది పక్షి గుర్తుంది కదా, పేరు అక్కణ్నుంచే. ఆ ఏడాది ఏప్రిల్‌ 20న వెంబ్లీలో జరిపిన సంస్మరణ కచేరీయే దానికి తొలి పెట్టుబడి. మీసాల వేషం, ‘ఫ్రెడ్డీ ఫర్‌ ఎ డే’, 2010లో మొదలైంది. 2016లో 70వ పుట్టినరోజుకి బ్రయాన్‌ మే ఓ వార్త చెప్పాడు. అంగారక, బృహస్పతి గ్రహాల మధ్య తిరిగే ఓ గ్రహశకలానికి ‘ఫ్రెడ్డీమెర్క్యురీ’ అని పేరు పెట్టారని. నంబరు 17473. 1991లో, ఫ్రెడ్డీ చనిపోయిన ఏడాదిలో కనిపెట్టిన రాయి అది. ఖగోళ శాస్త్రంలో పీహెచ్‌డీ ఉన్న స్నేహితుడుంటే పుట్టినరోజు కానుకలు ఇలాగే ఉంటాయి మరి!

2023లో మేరీ ఇంట్లోని వస్తువుల్ని వేలానికిచ్చింది. వేలానికి ముందు నెలరోజులు లండన్‌ సదబీస్‌లో ఉచితంగా ప్రదర్శించారు. లక్షకు పైగా జనం వరుసలు కట్టారు. ప్రదర్శన ముగిసింది సెప్టెంబరు 5న. మర్నాడు అతడి పియానో 17 లక్షల పౌండ్లకు పోయింది. వచ్చినదాంట్లో కొంత ఫ్రెడ్డీ ట్రస్టుకి, ఎల్టన్‌ ఫౌండేషన్‌కి వెళ్లింది.

మరి పుట్టిన ఊళ్లో? 2006లో 60వ పుట్టినరోజుకి జాంజిబార్‌ తీరంలో పార్టీ తలపెట్టారు. స్థానిక మత సంస్థ ఒకటి అడ్డం తిరిగింది. గే మనిషి పుట్టినరోజు మా దీవిలో ఏంటన్నారు. పార్టీ ఆగిపోయింది. అప్పటికి రెండేళ్ల ముందే అక్కడి ప్రభుత్వం స్వలింగ సంబంధాలకు జైలుశిక్ష వేసే చట్టం తెచ్చింది. 2019లో అదే ఊళ్లో ఫ్రెడ్డీ పేరిట మ్యూజియం తెరుచుకుంది. పర్యటకులు కావాలి కదా. పాట కావాలి, పేరు కావాలి, టికెట్‌ డబ్బు కావాలి.. మనిషి దగ్గరికొచ్చేసరికి ఆలోచించాలి.

మన వరుసలో ఎవరు లేరు?

జాంజిబార్‌ని చూసి తలాడించేముందు మన వైపు చూద్దాం. హీరో పుట్టినరోజున అభిమానులు రక్తదానం చేయడం తెలుగువాళ్లకి గర్వకారణం. ఆగస్టు 22న చిరంజీవి పుట్టినరోజు శిబిరాల్లో కుర్రాళ్లు బారులు తీరడం చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన అలవాటు అది. అదే వరుసలో ఓ గే కుర్రాడున్నాడనుకోండి. ఫారంలో నిజం రాస్తే అతణ్ని పక్కకి తప్పుకోమంటారు. 2017 నాటి జాతీయ రక్తదాతల ఎంపిక మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్లనీ, మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లనీ శాశ్వతంగా అనర్హుల జాబితాలో పెట్టాయి. పరీక్షలో నెగెటివ్‌ వచ్చినా, ఏళ్లుగా ఒక్కరితోనే ఉంటున్నా సరే. దీన్ని సవాలు చేస్తూ 2021లో సుప్రీంకోర్టులో పిటిషన్‌ పడింది. ఫ్రెడ్డీ బతికిన బ్రిటన్‌ అదే ఏడాది జూన్‌లో పద్ధతి మార్చింది. దాత ఆడా మగా, ఎవర్ని ప్రేమిస్తారు అని కాకుండా ఈమధ్య కాలంలో ప్రమాదకరమైన ప్రవర్తన ఉందా లేదా అని అందర్నీ ఒకేలా అడుగుతోంది. రక్తం సురక్షితంగా ఉండాలన్నదాంట్లో రెండోమాట లేదు. అడగాల్సిన ప్రశ్న ఏదన్నదే గొడవ.

మన సుప్రీంకోర్టు 377 సెక్షన్‌ కోరలు పీకింది 2018 సెప్టెంబరు 6న, యాదృచ్ఛికంగా ఫ్రెడ్డీ పుట్టినరోజు మర్నాడు. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం అప్పట్నుంచి నేరం కాదు. పెళ్లి హక్కు కోసం వెళ్లిన కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్‌ జంటే. 2023 అక్టోబరు 17న కోర్టు ఆ హక్కు ఇవ్వలేమంది, అది పార్లమెంటు చూసుకోవాల్సిన పనంది.

ఉద్యోగాల సంగతికొస్తే, ఇంటర్వ్యూలకు వెళ్లేముందు తెలిసి ఉండాల్సినవి కొన్నున్నాయి. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌ చట్టం ప్రకారం ఉద్యోగంలో చేరాలంటే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాల్సిందేనని షరతు పెట్టకూడదు. ఆ కారణంగా తీసేయడమూ వివక్ష కిందకే వస్తుంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం ఉద్యోగ నియామకాల్లో, పదోన్నతుల్లో వివక్షను నిషేధించింది. ప్రతి సంస్థా ఫిర్యాదులు వినే అధికారిని పెట్టాలంది. గే, లెస్బియన్‌ ఉద్యోగులకు ప్రైవేటు కంపెనీల్లో అలాంటి ప్రత్యేక చట్టం లేదు, కంపెనీ పాలసీనే దిక్కు. ఆఫర్‌ లెటర్‌తోపాటు వచ్చే ఆ పీడీఎఫ్‌ని జీతం పేజీ దగ్గరే ఆపేయకుండా చివరిదాకా చదవండి. ఆరోగ్య బీమాలో ‘భాగస్వామి’ అని ఉందా, ‘భార్య/భర్త’ అని మాత్రమే ఉందా అన్నది చూస్తే ఆ కంపెనీ సగం అర్థమైపోతుంది.

జబ్బు విషయంలో ఫ్రెడ్డీ కాలం వేరు. కలిపి వాడే మందులు 1996 తర్వాతే వచ్చాయి, అతడికి ఐదేళ్లు ఆలస్యంగా. ఇప్పుడు ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్‌ కనపడనంతగా తగ్గితే లైంగికంగా ఇంకొకరికి అంటదు. హెచ్‌ఐవీ విస్తృతి ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ రెండూ ఉన్నాయి కాబట్టి ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. సందేహాలకు 1097కి ఫోన్‌ చేయొచ్చు, పైసా ఖర్చుండదు.

మీ గదిలో కేకు

మీ రూమ్మేట్‌ పుట్టినరోజు ఎప్పుడు? సరే, తేదీ మీకు తెలుసు, ఫేస్‌బుక్కో వాట్సాప్‌ గ్రూపో గుర్తుచేస్తుంది. కేకు మీద ఏం రాయించాలి, ఎంత షేర్‌ పడుతుంది.. ఇవన్నీ మాట్లాడుకుంటారు. అతడు గే కావచ్చు, ఆమె లెస్బియన్‌ కావచ్చు. మీకు తెలియకపోవచ్చు. చెప్పకపోవడానికి కారణం చాలాసార్లు మన మాటల్లోనే ఉంటుంది. సినిమా చూస్తూ ‘తేడాగాడు’ అని నవ్విన నవ్వు, ఎవరి నడకనో అనుకరించిన ఆ ఐదు నిమిషాలు, ‘పాయింట్‌ ఫైవ్‌’ అన్న ఆ వెకిలి మాట.. అవి విన్నాక మీ ముందు నోరు విప్పుతారా?

ఒకవేళ చెప్పారనుకోండి. అది మీ దగ్గర పెట్టిన డిపాజిట్‌. స్టేటస్‌లో ఇంద్రధనుస్సు పెట్టి ‘ప్రౌడ్‌ ఆఫ్‌ యు రా’ అని ట్యాగ్‌ చేయడానికి మీకు హక్కు లేదు. ఎంత మంచి ఉద్దేశంతో అయినా సరే. వాళ్లింట్లోవాళ్లు ఆ స్టేటస్‌ చూస్తారు. ఫ్రెడ్డీ స్నేహితులు పత్రికలకి ఆడిన అబద్ధం గుర్తుంది కదా.

ఆఫీసులో అయితే కేకు కోసేముందు ‘ఈ ఏడాదైనా పప్పన్నం పెట్టిస్తావా, అమ్మాయిని చూడమంటావా’ అని మేనేజర్‌ గారో, సీనియర్‌ అక్కో అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. సమాధానం లేని మనిషి అక్కడ నవ్వుతూ నిలబడి, మర్నాటి పుట్టినరోజుకి సెలవు పెట్టేస్తాడు. అలా ఏటా సరిగ్గా ఆ రోజే సెలవు పెట్టేవాళ్లు మీ టీమ్‌లో ఉన్నారేమో చూడండి. ఆ ప్రశ్న వచ్చినప్పుడు ‘సార్‌, ముందు కేకు కరిగిపోతోంది’ అని మాట మార్చడానికి పెద్ద ధైర్యమేం అక్కర్లేదు.

ఈసారి సర్‌ప్రైజ్‌ పార్టీ మానేసి, ఎవర్ని పిలవమంటావ్‌ అని ముందే అడగండి. మీకు తెలియని పేరొకటి చెబితే ‘ఎవడ్రా వాడు’ అనకుండా ఓ ప్లేటు ఎక్కువ పెట్టండి. ఎవర్నీ పిలవొద్దంటే అదీ సరే. ఇంట్లో చెప్పలేక, గదిలో ఉండలేక నలిగిపోతున్నట్టు అనిపిస్తే 14416 నంబరు అందుబాటులో ఉంచండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్‌ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.